కుటుంబ శ్రమలో ఎవరి శ్రమ?

(ఉండిలో జరిగిన రైతు సభలో చేసిన ప్రసంగం)



మద్దతు ధర మీద మాట్లాడమన్నారు. దాని మీదే మాట్లాడతాను గానీ, గొడ్ల చావిడి మీదుగా వస్తాను.

సాగు ఖర్చుకి దానిలో సగం కలిపి మద్దతు ధర ఇమ్మని 2006లోనే స్వామినాథన్ కమిషన్ చెప్పింది. ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామని 2018 బడ్జెట్‌లో కేంద్రం అంది. కట్టింది మాత్రం ఏ2 ప్లస్ ఎఫ్ఎల్ లెక్క. అంటే చేతి నుంచి పెట్టిన ఖర్చు, దానికి కుటుంబ శ్రమ. సొంత భూమి కౌలు, పెట్టుబడి వడ్డీ కూడా కలిపిన సీ2 మీద ఇమ్మని మనం అడుగుతున్నాం. అడుగుతూనే ఉంటాం.

ఇందులో 'కుటుంబ శ్రమ' అన్న మాట ఉంది చూశారా, దాని దగ్గర కాసేపు ఆగండి. ఇంట్లోవాళ్లు సాగులో చేసిన పనికి కూలి కట్టి ఖర్చులో వెయ్యాలని దానర్థం. ఢిల్లీ వాళ్లు మన కష్టానికి తక్కువ కట్టారని ధర్నా చేస్తాం. మరి మనం మన ఇంట్లో ఎంత కట్టాం?

తెల్లారకముందే లేచి చావిడి ఊడ్చి, పేడెత్తి, పాలగిన్నెలు తోమేది ఆడమనిషి. పాలకేంద్రం పుస్తకం మీద పేరు మొగుడిది. దాళ్వా ధాన్యం ఆరబోసి, తిరగేసి, కళ్లం చిమ్మి, మబ్బు పడితే పరదా పట్టుకుని పరిగెత్తేది ఆమే. కూలోళ్లకి వండిపెట్టి ఆ అంట్లు తోమేదీ ఆమే. ఈ వంటా, అంట్లూ సర్కారు లెక్కలోనూ లేవు, మన లెక్కలోనూ లేవు. "మీ ఆవిడేం చేస్తారండీ?" అని అడిగితే "ఖాళీయేనండి, ఇంట్లోనే ఉంటది" అంటాం.

ఖాళీయట! ఇంటిపని చేసే ఆడవాళ్లు దాని మీద రోజుకి 289 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారని 2024లో కేంద్రం చేసిన సర్వేలో తేలింది. 2001 జనాభా లెక్కల్లో ఇంటిపని చేసే ఆడవాళ్లని బిచ్చగాళ్లు, ఖైదీల సరసన 'పనిచేయనివాళ్ల' కింద రాశారు. 2010లో సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది. అదీ ఎక్కడ? రోడ్డు ప్రమాదంలో పోయిన ఒక గృహిణి పరిహారం కేసులో. మనిషి పోయాక గానీ ఆ పనికి రేటు కట్టలేదన్నమాట.

ఆ పనే గడప దాటాక చూడండి. ఇంట్లో వంటకి విలువ లేదు. పెళ్లిలో వండితే వంట మేస్త్రి, కాంట్రాక్టు, బయానా. ఆ వంటశాల వెనకాల కూరలు తరిగేదీ, గుండిగలు తోమేదీ ఆడవాళ్లు, వాళ్లకి రోజుకూలి. రొయ్యల షెడ్డులో ఐసు నీళ్లలో చేతులు పెట్టి తలలు తీసేది చాలావరకు ఆడవాళ్లే. అది 'చేతిపని' అట! బస్తా మోస్తే బరువు పని, రేటెక్కువ. వేళ్లు తిమ్మిరెక్కితే అది బరువు కాదా?

సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. ఒకే పనికి ఒకే కూలి అంది. మనమేం చేశాం? పనినే రెండుగా చీల్చి, ఊడ్చేదీ తోమేదీ కలుపు తీసేదీ ఆడపని అన్నాం. ఇక చట్టం ఏం పట్టుకుంటుంది? గట్టు లంకకి, ఊడ్పుకి రేటు తేడా ఎందుకని మన చేలల్లో ఎవరూ అడగరు. ఇచ్చేది మనమే కదా, అందుకు.

ఈ దాళ్వాకి ప్రతి ఊళ్లోనూ సాగు ఖర్చు కాగితం రాయిస్తున్నాం. అందులో ఆడవాళ్ల పనికి వేరే గడి పెట్టమని కోరుతున్నాను. చావిడి, కళ్లం, కూలోళ్ల వంట, అంట్లు, ఎన్ని గంటలైతే అన్నీ. రేటు మగకూలి రేటే వెయ్యండి. ఆ గడి మాత్రం మీరు నింపకండి, ఆవిడ్ని అడిగి ఆవిడ చేతే రాయించండి.