మాంటిస్సోరి టీచర్ కావాలనుకునే మన పిల్లలకు

(బేతమంగళలో యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

పోయిన సంవత్సరం మన సంఘంలోని ఒక చెల్లెలు నా దగ్గరకు వచ్చి ఒక సర్టిఫికేట్ చూపించింది. మెరిసే కాగితం, బంగారు రంగు ముద్ర, పైన పెద్ద అక్షరాలలో 'మాంటిస్సోరి డిప్లొమా'. వాళ్ళమ్మ కమ్మలు కుదువపెట్టి ఫీజు కట్టింది. ఈ అమ్మాయి మూడు నెలలు ఫోనులో వీడియోలు చూసింది. ఒక్క రోజు కూడా పిల్లల మధ్య కూర్చోలేదు. బెంగళూరులో ఇంటర్వ్యూకు వెళితే చెక్క దిమ్మెలు ముందు పెట్టి, "మూడేళ్ళ పిల్లకు దీన్ని ఎలా చూపిస్తావమ్మా?" అని అడిగారట. నోట మాట రాలేదు. "అయ్యగారూ, నేను మోసపోయానా?" అని అడిగింది.

ఆమెకు జవాబు చెప్పాలని కొంత చదివాను, తెలిసినవాళ్ళను అడిగాను. తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను.

మాంటిస్సోరి అనగానే మనకు ఏసీ గదులు, లక్షల ఫీజులు గుర్తుకొస్తాయి. కానీ అది పుట్టింది అక్కడ కాదు. 1907 జనవరి 6న రోము నగరంలో శాన్ లొరెంజో అనే పేద కార్మికుల పేటలో డాక్టర్ మరియా మాంటిస్సోరి మొదటి 'పిల్లల ఇల్లు' తెరిచింది. తల్లిదండ్రులు పనికి పోతే పిల్లలు మెట్ల మీద, వీధుల్లో తిరుగుతుండేవారు. వాళ్ళ కోసమే ఆ ఇల్లు. అక్కడి మొదటి టీచర్ ఎవరో తెలుసా? ఆ భవనం కాపలాదారు కూతురు.

ఇప్పుడు మన ఊరి వైపు చూడండి. మన పాలారు చెరువు నీళ్ళు తాగి కోలార్ బంగారు గనులు నడిచాయి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పటినుంచి తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కి, చీకటి పడ్డాక ఇల్లు చేరే తల్లిదండ్రులు మనలో ఎంతమంది! పిల్లలు అవ్వల దగ్గర పెరుగుతున్నారు. శాన్ లొరెంజో మనకు దూరమేమీ కాదు.

మరి మోసం ఎక్కడ జరుగుతోంది? 'మాంటిస్సోరి' అనే పేరు మీద ఎవరికీ హక్కు లేదు. ఎవరైనా బోర్డు పెట్టవచ్చు, ఎవరైనా సర్టిఫికేట్ ఇవ్వవచ్చు. అందుకే పేరు చూసి డబ్బు కట్టకూడదు. దారులు ఇవి:

మొదటిది, అసోసియేషన్ మాంటిస్సోరి ఇంటర్నేషనల్, ఏ.ఎం.ఐ. దీన్ని 1929లో మాంటిస్సోరియే స్థాపించింది. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి మన దేశంలో మొదటి శిక్షణ ఇచ్చింది. యుద్ధం వల్ల 1946 దాకా ఇక్కడే ఉండిపోయింది. ఆ పరంపరలో నేడు చెన్నైలో నవదిశ సంస్థ ఏ.ఎం.ఐ. శిక్షణ ఇస్తోంది. పుట్టిననాటి నుంచి మూడేళ్ళు, మూడు నుంచి ఆరు, ఆరు నుంచి పన్నెండు అని వయసును బట్టి వేర్వేరు డిప్లొమాలు. ఖర్చు ఎక్కువే. టీచరుకు సహాయకురాలిగా ఉండాలనుకునేవారికి చిన్న కోర్సు కూడా ఉంది. కానీ అది టీచర్ డిప్లొమా కాదని గుర్తుంచుకోండి.

రెండవది, బెంగళూరులోని ఇండియన్ మాంటిస్సోరి సెంటర్. మనకు దగ్గర. చేరేముందు ఒకసారి స్వయంగా వెళ్ళి చూసి రండి.

మూడవది, ఇగ్నో వారి శిశు సంరక్షణ, విద్య డిప్లొమా. పన్నెండవ తరగతి పాసైతే చాలు, ఇంటి దగ్గర ఉండి చదవవచ్చు. ఇది మాంటిస్సోరి డిప్లొమా కాదు, కానీ చిన్నపిల్లలతో పనిచేయడానికి మంచి పునాది.

ఇంకొక మాట. మాంటిస్సోరి డిప్లొమాతో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచర్ ఉద్యోగానికి అర్హత రాదు. దానికి డి.ఎల్.ఇడి. చదవాలి, టెట్ రాయాలి. "గవర్నమెంటు ఉద్యోగం గ్యారంటీ" అని ఎవరైనా చెబితే అక్కడినుంచి లేచి రండి.

ఫీజు కట్టేముందు ఐదు ప్రశ్నలు అడగండి. ఈ సర్టిఫికేట్ ఇచ్చేది ఎవరు, వాళ్ళను గుర్తించింది ఎవరు? ఏ వయసు పిల్లల కోసం? పరికరాలతో నా చేతులతో ఎన్ని గంటలు సాధన చేయిస్తారు? నిజమైన తరగతిలో ఎన్ని రోజులు కూర్చోబెడతారు? ఇక్కడ చదివినవాళ్ళు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు, వాళ్ళతో నేను మాట్లాడవచ్చా? జవాబు చెప్పకుండా "ఈ రోజే కడితే డిస్కౌంటు" అంటే, అదే జవాబు.

ఎందుకింత సాధన? ఈ పద్ధతిలో టీచర్ పని ఉపన్యాసం ఇవ్వడం కాదు. మాట తగ్గించి, పిల్ల ఏం చేస్తోందో గమనించడం. చెంబులోంచి గ్లాసులోకి నీళ్ళు ఒలకకుండా పోయడం పిల్లకు చూపించాలంటే, ముందు మన చెయ్యి నెమ్మదించాలి. అది వీడియో చూస్తే రాదు. ఈత పుస్తకంలో నేర్చుకోలేం కదా!

సంఘ పెద్దలకూ ఒక మనవి. మందిరానికి రంగులు వేయడానికి చందాలు పోగుచేస్తాం. అలాగే ఏడాదికి ఒక్క యువతినో యువకునినో మంచి శిక్షణకు పంపలేమా? వారమంతా తాళం వేసి ఉండే మన హాలులో పనికి పోయే తల్లుల పిల్లలకు చోటివ్వలేమా? ఏ మతం పిల్లలైనా సరే. మనవాళ్ళ ఇళ్ళల్లో తెలుగు, వీధిలో కన్నడం, కేజీఎఫ్ బజారులో తమిళం. మూడు భాషల అక్షరాలనూ గరుకు కాగితంతో కత్తిరించి అట్టల మీద అంటిస్తే, పిల్లలు వేలితో తడిమి నేర్చుకుంటారు. మన అంగన్‌వాడీ అక్కలను కూడా కలుపుకోవాలి. 2024లో మన రాష్ట్ర ప్రభుత్వం బెంగళూరు అంగన్‌వాడీలలో 'ప్రభుత్వ మాంటిస్సోరి' మొదలుపెట్టింది. అది మన ఊళ్ళకూ రావాలని, అక్కలకు సరైన శిక్షణ, సరైన జీతం కావాలని అడగడం మన బాధ్యత.

ఆ చెల్లెలితో నేను చెప్పాను: "అవునమ్మా, మోసపోయావు. తప్పు నీది కాదు. ముందే చెప్పవలసిన మేము చెప్పలేదు." ఇప్పుడు ఆమె ఇగ్నోలో చేరింది. ఉదయం పూట ఒక అంగన్‌వాడీలో కూర్చుని పిల్లలను గమనించి నోటుబుక్కులో రాసుకుంటోంది. కమ్మలు మాత్రం ఇంకా కుదువలోనే ఉన్నాయి.

ఎవరు గొప్ప అని శిష్యులు వాదించుకుంటే, ప్రభువు ఒక చిన్నబిడ్డను తెచ్చి వాళ్ళ మధ్య నిలబెట్టాడు. మనమూ ఆ బిడ్డను మధ్యలో నిలబెట్టి, ఆ తర్వాత మన లెక్కలు వేసుకుందాం. ఆ కమ్మల సంగతి కూడా ఈ కూడిక ముగిసేలోపు మాట్లాడుకుందాం.