బడి బీరువాలోకి ఏ పుస్తకము?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బడులకు పుస్తకములు కొనునప్పుడు మేము మొదట వెల చూచితిమి, పిమ్మట నీతి చూచితిమి. పిల్లలను అడుగనే లేదు. ఆ కట్టలు ఇంకను బీరువాలో తాళము వెనుకనే ఉన్నవి.

మరమగ్గాల చప్పుడులో, బీడీలు చుట్టే తల్లి ప్రక్కన కూర్చుండి చదువుకొను బిడ్డకు తన ఇంటి మాట వినబడే కథ కావలెను. దూరదేశపుదైనను బిడ్డ మనసెరిగినదైతే సరే. జపానులో 1981లో వెలువడిన తొత్తోచాన్, పాత రైలుపెట్టెలలో నడచిన బడి కథ, తెలుగులో ‘రైలుబడి’గా వచ్చినది. 1947లో పుట్టిన చందమామ ఆగిపోయినది. పాత సంపుటములు మాకును ఇష్టమే గాని, పదునాలుగేండ్ల వారికి అవి చాలవు.

ఈసారి కొనకమునుపే ప్రతి పుస్తకములో మొదటి రెండు పుటలు ఆ ఈడు పిల్లలచేత బిగ్గరగా చదివింతము. “అటెన్క ఏమాయె?” అని వారడిగినవే కొందము.