క్యాజువాలిటీలో అడగవలసిన ప్రశ్న

(ప్రసంగ పాఠం)



ముంబై మునిసిపల్ ఆసుపత్రులలో అత్యవసర విభాగాన్ని ప్రజలు నేటికీ క్యాజువాలిటీ అనే వ్యవహరిస్తారు. రాత్రి పది దాటిన తరువాత అక్కడ తరచుగా కనిపించే దృశ్యం ఒకటి ఉన్నది. నుదుట కుట్లు పడవలసిన గాయంతో ఒక స్త్రీ వస్తుంది. వెంట భర్త ఉంటాడు. అతని వద్ద మద్యం వాసన వస్తూ ఉంటుంది. దెబ్బ ఎట్లా తగిలిందని కేసు పేపరు వ్రాసే ఉద్యోగి మరాఠీలోనో హిందీలోనో అడుగుతాడు. ఆమెకు ఆ భాష అంతంతమాత్రం. మెట్ల మీద జారిపడిందని భర్తే సమాధానం చెబుతాడు. డాక్టరు గాయం కడిగి కుట్లు వేస్తాడు, ధనుర్వాతానికి సూది వేయిస్తాడు, మందులు వ్రాసి ఇస్తాడు. ఆమె వచ్చిన మనిషితోనే, వచ్చిన ఇంటికే తిరిగి వెళుతుంది. వైద్యంలో లోపమేమీ లేదు. జరిగిన సంగతి మాత్రం కాగితం మీదికి ఎక్కలేదు.

ఒకవేళ ఆమె ధైర్యం చేసి నిజం చెప్పినా, ఆ నిజాన్ని మింగివేసే మాట మరొకటి సిద్ధంగా ఉంటుంది: ‘తాగి ఉన్నాడు, పాపం, తెలియక చేశాడు.’ ఈ మాట భర్త అంటాడు, అత్తగారు అంటారు, ఒక్కొక్కసారి ఆసుపత్రి సిబ్బందీ అంటారు; చివరకు ఆమే అంటుంది. దీనిలోని సత్యమెంతో, అసత్యమెంతో పరిశీలించవలసి ఉన్నది.

2019–21 సంవత్సరాలలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, భర్త తరచుగా మత్తులో ఉండే స్త్రీలలో సుమారు 70 శాతం మంది అతని చేతిలో శారీరక హింసనో లైంగిక హింసనో అనుభవించినవారే. మద్యానికీ హింసకూ సంబంధం ఉన్నదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. అయితే అదే సర్వేలో పక్కనే మరొక అంకె ఉన్నది. భర్త మద్యం ముట్టని స్త్రీలలో కూడ సుమారు 23 శాతం మంది అదే హింసను అనుభవించారు. అంటే చుక్క తాగనివాని చేయి కూడ లేస్తున్నది. మద్యం దెబ్బల సంఖ్యను పెంచుతుంది, వాటి తీవ్రతను పెంచుతుంది. కొట్టే అధికారం తనకున్నదన్న భావం మాత్రం సీసాలో నుండి రాదు. పైగా ఎంత మత్తులో ఉన్నవాడైనా దారిలో పోలీసును కొట్టడు, మేస్త్రీని కొట్టడు, బాకీ ఇచ్చినవాణ్ణి కొట్టడు. ఇంటి తలుపు మూసిన తరువాతనే అతనికి ‘తెలియకుండా పోతుంది.’

తెలుగు స్త్రీలకు ఇది కొత్త పాఠం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుండి వ్యాపించిన సారా వ్యతిరేకోద్యమంలో వారు సారా దుకాణాలను మూయించింది ఖర్చు ఒక్కదాని కోసం కాదు. రాత్రి తినే దెబ్బల కోసం కూడ. 1993లో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషిద్ధమైంది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది తొలగిపోయింది. దుకాణం మూసిననాడు ఇల్లు కొంత తెరిపిన పడినమాట వాస్తవమే. కాని దుకాణం మళ్లీ తెరిచిననాడు ఆ స్త్రీకి అండగా నిలిచే వ్యవస్థ ఏదీ ఊరిలో లేకపోయింది.

అటువంటి వ్యవస్థను ఆసుపత్రి లోపలనే నెలకొల్పిన ప్రయత్నం ముంబైలో జరిగింది. 2000లో బాంద్రాలోని భాభా మునిసిపల్ ఆసుపత్రిలో, మహానగరపాలిక, సెహత్ అనే పరిశోధన సంస్థ కలిసి ‘దిలాసా’ కేంద్రాన్ని ప్రారంభించాయి. తరువాత అది నగరంలోని ఇతర మునిసిపల్ ఆసుపత్రులకు విస్తరించింది. (తెలుగువారికి ఆ పేరును వేరుగా అనువదించి చెప్పనక్కరలేదు, ధైర్యం, ఊరట అనే అర్థంలో దిలాసా మన వాడుకలోనూ ఉన్నది.) హింసకు గురైన స్త్రీ పోలీసు స్టేషనుకు పోవడానికి జంకుతుంది, కోర్టుకు పోవడానికి భయపడుతుంది, కాని గాయమైతే ఆసుపత్రికి తప్పక వస్తుంది, ఆసుపత్రికి వెళ్లిందని ఎవరూ ఆమెను నిందించరు. ఆ కేంద్రానికి మూలమైన ఆలోచన ఇదే. గాయానికి కట్టు కట్టిన తరువాత, అదే ఆవరణలో, ఆమె మాట వినడానికి శిక్షణ పొందిన ఒక మనిషి ఉంటుంది.

అయితే ఆ మనిషి వద్దకు ఆమె చేరాలంటే ముందు క్యాజువాలిటీలో ఎవరో ఒకరు గుర్తించాలి. ముఖం మీద, మెడ మీద, చేతులు అడ్డుపెట్టినప్పుడు ముంజేతి మీద తగిలే దెబ్బలు, వేరువేరు రోజులనాటి కమిలిన గుర్తులు, చెప్పిన కథకు పొసగని గాయం, ఆలస్యంగా రావడం, ‘పొరపాటున’ ఫినాయిలో ఎలుకల మందో తాగడం: ఇవి కనిపించినప్పుడు ఆమెను భర్త నుండి వేరుచేసి, డ్రెస్సింగు గదిలోనో ఎక్స్‌రే గదిలోనో ఒంటరిగా, మెల్లగా అడగాలి. ‘ఇంట్లో ఎవరైనా చేయి చేసుకుంటున్నారా అమ్మా? ఇంటికి పోవడానికి భయంగా ఉన్నదా?’ ఈ రెండు ప్రశ్నలు అడగడానికి అర నిమిషం చాలు.

ఆ అర నిమిషంలోనే భాష అడ్డుపడుతుంది. నేటి సమావేశం ముఖ్యంగా దీని గురించే. భవన నిర్మాణానికి వచ్చిన కామాఠీలు, మిల్లులకు వచ్చిన పద్మశాలీలు ఈ నగరంలో తరాలుగా ఉన్నారు. వారి పిల్లలు మరాఠీ చక్కగా మాట్లాడుతారు. నిన్నమొన్న పెళ్లి చేసుకుని ఊరి నుండి వచ్చిన కోడలికి ఆ భాష రాదు. ఆమె పక్షాన దుబాసీగా నిలిచేది భర్త, అతని తమ్ముడు, లేదా పదేళ్ల బిడ్డ. వీరిలో ఎవరి ఎదుటా ఆమె నోరు విప్పదు. విప్పినా మాట దారిలో మారిపోతుంది. ‘చేయి చేసుకున్నాడు’ అన్నదాన్ని మక్కికి మక్కి చెబితే డాక్టరుకు అర్థం కాదు. ‘తాగి వచ్చి గొడవ చేశాడు’ అన్నది ‘ఇద్దరూ జగడమాడారు’ అయి కేసు పేపరుకు ఎక్కుతుంది. కొట్టినవాడు, దెబ్బ తిన్నది సమానులైపోతారు. అన్నిటికంటె ప్రమాదకరమైనది ‘గల్లా పట్టిండు’ అన్న మాట. తెలంగాణలో గల్లా అంటే చొక్కా కాలరు. హిందీలో, మరాఠీలో దానికి దగ్గరగా పలికే మాటకు గొంతు అని అర్థం. పట్టింది బట్టనా, గొంతునా అని ఆమెనే తిరిగి అడగాలి. గొంతు నొక్కినప్పుడు చాలాసార్లు పైకి మచ్చ కూడ కనిపించదు. స్వరం మారడం, మింగడం కష్టమవడం వంటి లక్షణాలను డాక్టరుకు తప్పక తెలియజేయాలి, ఎందుకంటె గంటల తరువాత, రోజుల తరువాత కూడ ప్రాణాపాయం సంభవించవచ్చు. కనుక సంఘాల తరఫున ఆసుపత్రికి తోడువెళ్లే సోదరీమణులు చేయవలసిన మొదటి పని ఆమె మాటను ఆమె చెప్పినట్లే అందించడం, సందేహం వస్తే ఆగి అడగడం, కాపురం చక్కదిద్దే ఉపదేశాన్ని ఇంటి వద్ద విడిచి రావడం.

చట్టం ఆమె పక్షాన ఉన్నది. 2005 నాటి గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుండి అమలులో ఉన్నది. ఫిర్యాదు ముందుగా నమోదు కాలేదన్న కారణంతో ఏ వైద్యకేంద్రమూ చికిత్స నిరాకరించరాదు. వైద్య పరీక్ష నివేదిక ప్రతి ఆమెకు ఉచితంగా ఇవ్వాలి. భర్తను విడిచిపెట్టకుండానే రక్షణ ఉత్తర్వు, అదే ఇంటిలో నివసించే ఉత్తర్వు కోరవచ్చు. ఈ సంగతి తెలియకనే చాలామంది ‘కేసు పెడితే కాపురం పోతుంది’ అని వెనుదిరుగుతారు.

తాగే మనిషి సంగతి. అతనికి చికిత్స అవసరమే. ఏళ్ల తరబడి అధికంగా తాగినవాడు ఒక్కసారిగా మానితే రెండు మూడు రోజులలో వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణం మీదికి రావచ్చు. అందుచేత మాన్పించే పని ఆసుపత్రిలోనే జరగాలి. అన్నంలో కలిపిపెట్టే మందులంటూ గోడల మీద కనిపించే ప్రకటనలను నమ్మరాదు. అటువంటి మందు కడుపులో ఉండగా మద్యం పడితే అతని గుండెకే ముప్పు, బయటపడితే దెబ్బలు ఆమెకు. చికిత్స ఫలించి అతను మానివేసినా ఆమె క్షేమాన్ని విడిగా విచారిస్తూనే ఉండాలి. పైన చెప్పిన 23 శాతాన్ని మరువరాదు.

ఆమే తాగి వచ్చినప్పుడు ఏమిటి? ఈ ప్రశ్న సభలలో ఎవరూ వేయరు. తెలంగాణలో కల్లు ఆడవారికీ అలవాటైనదే. ఐదవ సర్వేలో దేశం మొత్తం మీద సుమారు ఒక శాతం స్త్రీలు మద్యం తాగుతామని చెప్పగా, తెలంగాణలో ఆ సంఖ్య 7 శాతానికి దగ్గరగా ఉన్నది. మద్యం వాసన వచ్చే స్త్రీ గాయంతో వస్తే క్యాజువాలిటీలో ముఖాలు మారుతాయి, ప్రశ్న అడగడం మానేస్తారు. నొప్పిని, భయాన్ని మరువడానికే తాగేవారు వీరిలో ఉన్నారు. ఆమె మత్తు దిగేవరకు ఆగి, ఆ రెండు ప్రశ్నలను ఆమెనూ అడగాలి.

చివరగా ఒక చిన్న జాగ్రత్త. ఆమె చేతికి ఈ పుస్తికను గాని, మరే కాగితాన్ని గాని ఇచ్చే ముందు, ఇంటికి తీసుకుపోవడం క్షేమమేనా అని అడగండి. సంచిలో దొరికిన కరపత్రమే ఆ రాత్రి మరొక దెబ్బకు కారణం కావచ్చు. అటువంటప్పుడు కాగితం వద్దు. మహిళా సహాయవాణి 181, అత్యవసరమైతే 112. ఈ రెండు అంకెలను ఆమె చేత రెండుమార్లు చెప్పించి పంపండి.