మ్రోగని రూపాయి

వెండి రూపాయిని రాతిపై మ్రోగించి మంచిచెడ్డలు తెలిసికొను కాలమున కాగితపు రూపాయి చేతికి వచ్చినప్పుడు మన పల్లెవారు ఏమి చూచి నమ్మవలెను?

మొదటి ప్రపంచయుద్ధకాలమున వెండికి కరవు ఏర్పడగా, హైదరాబాదు ప్రభుత్వము 1918లో పది, నూరు రూపాయల నోట్లను వెలువరించెను. 1919లో ఒకటి, ఐదు రూపాయల నోట్లును, 1926లో వేయి రూపాయల నోటును వచ్చెను. ఉర్దూ రాజభాషగా నున్న ఆ రాజ్యమున, నోటుమీద మాత్రము విలువ తెలుగు, మరాఠీ, కన్నడములలో సయితము ముద్రింపబడెను. కరీంనగరు రైతు ధాన్యమమ్మి తెచ్చుకొన్న నోటుపై తన అక్షరములను చూచుకొనగలిగెను. ఆదిలాబాదు మరాఠీవారికిని ఆ భాగ్యము కలిగెను. అడవులలోని గోండుల భాషకు మాత్రము చోటు దొరకలేదు.

ఆ నోట్లు తొలుత ఇంగ్లండులో ముద్రితమై ఓడలలో వచ్చెడివి. 1922 మే నెలలో 'ఈజిప్ట్' అను ఓడ ఫ్రాన్సు తీరమున మంచులో మరియొక నౌకను ఢీకొని మునిగిపోయెను. పిమ్మట గజఈతగాండ్రు బంగారముకొరకు వెదకుచు, హైదరాబాదు నోట్లను గూడ పైకి తీసిరి. నాసికలో ముద్రణాలయము నెలకొన్న పిదప మన నోట్లు అచ్చటనే అచ్చయ్యెను.

అక్షరములను చూచి చదువరి నమ్మును. అయినను అక్షరములను దొంగయు వ్రాయగలడు గదా! అందుకే నగిషీపని అవసరమైనది. పనివాడు మెత్తని ఉక్కుపలకపై, భూతద్దము సాయమున, సూదివంటి కలముతో బొమ్మను కుడియెడమలు తారుమారుగా చెక్కును. రంగు పులిమి నీడ తెచ్చుటకు వీలులేదు. గీత లోతైనచో సిరా నిండి చీకటి, పలుచనైనచో వెలుగు. చెంప నునుపైనను, కంటిక్రింది ముడుతయైనను గీతలు, చుక్కలే. తప్పిన గీతను దిద్దుట మిక్కిలి కష్టము. ఒక ముఖమునకే నెలలు పట్టును.

పలకకు సిరా పూసి, పైభాగమును తుడిచివేసినచో, సిరా చెక్కుడుగాళ్లలో మాత్రమే నిలుచును. గొప్ప ఒత్తిడితో కాగితము నదిమినప్పుడు ఆ సిరా గట్టువలె పైకి లేచును. నోటు అంచుల సుడులను మాత్రము పళ్లచక్రముల యంత్రము గీసెడిది. ఆ చక్రముల అమరిక తెలియనివాడు దానిని మరల గీయజాలడు.

ఆ సుడులను చూచినప్పుడు మన కరీంనగరపు వెండి తీగపని తలపునకు రాక మానదు. వెండిని పోగువలె సాగదీసి, మెలివేసి, చదునుచేసి, సుళ్లుగ చుట్టి, చట్రములో అతుకుదురు. 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనిలో తీగ మొదలు, తుద కంటికి చిక్కవు. అచ్చట అల్లిక అలంకారము. నోటుమీద అదియే కావలి.

హైదరాబాదు నాణెము 1959లో చెల్లుబాటు కోల్పోయెను. నేడు చెక్కుడుపనిలో చాలభాగము కంప్యూటరు చేతికి పోయినది. అయినను ఉబ్బెత్తు గీతకు పని తీరలేదు. నేటి నూరు రూపాయల నోటుపై త్రికోణమును, ఐదువందల నోటుపై వలయమును వ్రేలికి తగులునట్లు అచ్చువేయుచున్నారు. చూపులేనివాడు దానిని తడిమి విలువ తెలిసికొనును. నాడు రూపాయి చెవితో పలికినది. నేడు వ్రేలితో పలుకుచున్నది. నోటిని మడచి జేబులో వేసికొనుటకు ముందు ఒక్కసారి బొటనవ్రేలితో తడిమి చూడుడు.