టెలిఫోను మోసాలు – కంపెనీల బాధ్యత

మధ్యాహ్నం వేళ ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఇంట ఫోను మ్రోగుతుంది. అవతలి వ్యక్తి తాను ముంబయి పోలీసు అధికారినని చెబుతాడు. పార్సెల్‌లో మాదకద్రవ్యాలు దొరికినవనీ, ఉపాధ్యాయుని ‘డిజిటల్ అరెస్టు’ చేసినామనీ, కెమెరా ముందు నుండి కదలరాదనీ, ఇంటివారికి సైతం చెప్పరాదనీ ఆజ్ఞాపిస్తాడు. సాయంత్రానికి జీవితకాలపు పొదుపంతా పరుల ఖాతాలకు తరలిపోతుంది. అటువంటి అరెస్టు భారతదేశపు చట్టాలలో ఎక్కడా లేదు. ఈ మాటను 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’లో స్వయంగా చెప్పవలసి వచ్చినదంటే వ్యాధి ఎంత ముదిరినదో శ్రోతలు ఊహించవచ్చును.

మోసపోయినవారిని ఆశపోతులని ఈసడించడం లోకంలో పరిపాటి. ఇది న్యాయం కాదు. ఇట్టి మోసానికి పెట్టుబడి ఆశ కాదు, భయం. చట్టమంటే గౌరవమున్న పౌరుడే మోసగానికి సులువుగా చిక్కుతున్నాడు.

అయితే ఆ కాల్ ఇంటిలోనికి ఎవరి మార్గాన వచ్చినది? విదేశంలో కూర్చున్నవాడు చేసిన కాల్ భారతీయ నంబరుగా తెరపై కనిపించేది. ఇట్టి కాల్స్‌ను దేశపు గుమ్మంలోనే ఆపే వ్యవస్థ 2024 అక్టోబరు 22న ప్రారంభమైనది. మొదటి 24 గంటలలోనే సుమారు 1 కోటి 35 లక్షల కాల్స్ నిలిచిపోయినవి. ఆపడం సాధ్యమేనని తేలినది గనుక, అంతకుముందు ఎందుకు ఆపలేదన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసినది కంపెనీలే. ఆ దారి మూసినా ‘సిమ్ బాక్సు’ దారి ఉండనే ఉన్నది. పదుల కొద్దీ సిమ్ కార్డులు అమర్చిన ఆ పెట్టె విదేశీ కాల్‌ను స్థానిక కాల్‌గా మార్చివేస్తుంది. ఆ కార్డులు ఆకాశం నుండి ఊడిపడవు. ఎవరో ఒక దుకాణదారు పరుల పేరిట అమ్మినవే. ఆ దుకాణదారు కంపెనీ ఏజెంటే గదా!

అవాంఛిత వాణిజ్య కాల్స్‌పై టెలికాం నియంత్రణ సంస్థ 2018లో నిబంధనలు చేసి, 2025 ఫిబ్రవరిలో వాటిని బిగించినది. నమోదు కాని వ్యాపారులపై చర్యకు గడువు 30 రోజుల నుండి 5 రోజులకు తగ్గినది. ఇట్టి కాల్స్ లెక్కలు తప్పుగా చూపిన కంపెనీకి మొదట 2 లక్షలు, తరువాత 5 లక్షలు, ఆపైన ప్రతిసారి 10 లక్షల రూపాయల భారం విధించినారు. పెద్ద కంపెనీలకు ఇది ఏపాటి? పైగా ఆ నిబంధనలలో మోసపోయినవానికి పరిహారం మాట లేదు. సింగపూరులో 2024 డిసెంబరు 16 నుండి కొన్ని రకాల మోసాలలో తమ విధి నెరవేర్చని బ్యాంకు, ఆ తరువాత టెలికాం కంపెనీ నష్టాన్ని భరించవలసి ఉన్నది. అక్కడ కంపెనీ బాధ్యత సందేశాలకే పరిమితమైనా, ఆ సూత్రం పరిశీలింపదగినది.

బాధితుడు ఒక రాష్ట్రంలో, సిమ్ మరొక రాష్ట్రంలో, సొమ్ము చేరిన ఖాతా ఇంకొక రాష్ట్రంలో ఉండగా ఏ ఒక్క పోలీసు స్టేషనూ నేరాన్ని పూర్తిగా ఛేదించలేదు. ఆ గొంతు సైతం బందీది కావచ్చును. ఉద్యోగాలని నమ్మించి కంబోడియాకు తరలించిన తెలుగు యువకులచేత ఇట్టి మోసాలే బలవంతంగా చేయించిన వైనాన్ని 2024లో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టినారు.

సొమ్ము పోయిన వెంటనే 1930 నంబరుకు తెలిపితే, అది చేతులు మారకముందే ఖాతాలో నిలిపివేసే అవకాశమున్నది. సిగ్గుపడి మరునాటి వరకు ఆగినవారికి ఆ అవకాశం సన్నగిల్లుతుంది.