చదువరి రచయిత యగుట యెట్లు?

 

బీరువాలన్నియు చదివితిమి, అయినను నాలుగు పంక్తులు వ్రాయబోయిన కలము సాగదని తిరువూరు యువకులు కొందరు నాతో ననుచుందురు. వారు కథకై చదివిరి గాని, దాని కట్టుబడికై చదువలేదు.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు గోల్డుస్మిత్తు వ్రాసిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ అను ఆంగ్లనవలను తెనిగింపబూని, ఆ పని విడిచి, స్వతంత్రముగా ‘రాజశేఖర చరిత్రము’ రచించిరి. అది 1878లో ‘వివేకవర్ధని’లో వెలువడి, 1880లో పుస్తకమైనది. సుఖముగా నున్న కుటుంబము కష్టముల పాలగు కథాక్రమము ఆంగ్లగ్రంథము చూపినది. ధవళేశ్వరము, గోదావరి, శకునముల పిచ్చి, బంగారము చేసెదనను బైరాగి మోసము, ఇవి మన దేశమువి.

కావున మంచి పుస్తకమును రెండుమారులు చదువుడు. మొదట కథకై, మరల, రచయిత దేనిని ముందు చెప్పెను, దేనిని దాచెను, ఎచ్చట ముగించెను అని గమనించుటకై. పిదప పుస్తకము మూసి, నిన్న బజారులో చూచిన బేరము నొకదానిని పది పంక్తులలో వ్రాయుడు. మరునాడు బిగ్గరగా చదివి, నాలుక తడబడినచోట దిద్దుడు.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మనకు పుస్తకములు ఎరువిచ్చినది. గడువులోగా తిరిగి యిచ్చితిమి గాని, ఋణము తీరలేదు. మన యూరి కథ చెప్పు పుస్తకము నొకదానిని మనవాడే వ్రాసి ఈ బీరువాలో చేర్చిననాడు అది తీరును.