రెండూ మందులే



వ్యవసాయ శాఖలో నా ఉద్యోగమంతా గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేలల్లోనే గడిచింది. 1987లో తెల్లదోమ పత్తిని కమ్మేసిన రోజులు మీలో చాలామందికి గుర్తే. మోనోక్రోటోఫాస్ కొడుతూ గట్టు మీద కుప్పకూలిన కూలీలను బండెక్కించి ఆసుపత్రికి పంపినవాణ్ణి. నోట చొంగ, సూదిమొనంత కంటిపాపలు. నరాల మధ్య కబురు మోసే ఎసిటైల్‌కోలిన్‌ను, పని కాగానే విరగ్గొట్టే ఎంజైము ఒకటుంది. పురుగుమందు దాన్ని పట్టుకుని వదలదు. విరుగుడుగా డాక్టరు ఎక్కించే అట్రోపిన్ మన ఉమ్మెత్తలోనూ ఉండేదే.

అదే ఎంజైమును వదిలే పట్టుతో, కొలతగా ఆపితే మతిమరుపు జబ్బుకు మందవుతుంది. చలిదేశాల మొక్కల దుంపల్లో దొరికిన గాలంటమైన్ అలాంటిదే. 2001లో అమెరికా దాన్ని అల్జైమర్స్‌కు అనుమతించింది. మన భాషలో రెండూ మందులే.

1991లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు ఈ ఎంజైము ఆకారాన్ని తేల్చారు. ఆ ఆకారాన్ని కంప్యూటరులో పెట్టి, మొక్కల్లోని రసాయనాలు అందులో ఇముడుతాయేమో ఒక్కొక్కటే చూడవచ్చు. చెన్నైలోని గణిత విజ్ఞాన సంస్థవారు 2018లో 1742 భారతీయ ఔషధ మొక్కలు, వాటిలోని 9596 రసాయనాల పట్టిక ప్రకటించారు. వేల తాళంచెవుల్లో ముందుగా వేటిని ప్రయోగశాలకు పంపాలో కంప్యూటరు చెబుతుంది. అంతే.

ఆ 'అంతే' నాకు ఆలస్యంగా అర్థమైంది. మా ఇంటావిడకు మరుపు జబ్బు. సరస్వతి ఆకు సంగతి కంప్యూటరు రుజువు చేసిందని ఫోనులో వచ్చిన కబురు నమ్మి, డాక్టరిచ్చిన మాత్ర ఆపి పసరు పట్టాను. ఆరు వారాలకు మా పెద్దమ్మాయిని చూసి "ఎవరమ్మా నువ్వు?" అంది. మళ్లీ మాత్ర మొదలుపెట్టాం. గుర్తుపట్టే రోజులు కొన్ని తిరిగొచ్చాయి, అన్నీ రాలేదు.

రసాయనం కడుపు దాటి నెత్తురులో కలిసి మెదడుకు చేరుతుందా, మోతాదెంత, కాలేయానికి హాని ఉందా అన్నవి ప్రయోగశాల, ఆపైన మనుషుల మీద పరీక్షలు తేల్చాలి. "చేతి అంచనాతో కలపొద్దు, డబ్బా మీది మోతాదు చూడు" అని రైతుకు ముప్పయ్యేళ్లు చెప్పాను. ఇంట్లో నేనే గ్లాసు లెక్కన పోశాను.

మన పెరటి మొక్కలను చులకన చేయమనడం లేదు. డాక్టరుకు చెప్పకుండా మాత్ర ఆపకండి. ఆకు వాడుతుంటే ఆయన దగ్గర దాచకండి. సెలవు.